అర్షీన్ పరీక్ష, మొండికేసిన కంప్యూటర్

"మేడం, మా కంప్యూటర్‌కు నెట్టు రాకుంట ఎవరో చేసిన్రు. రెండింటికి నా ఉద్యోగం పరీక్ష!"

సిద్దిపేటల డిటెక్టివ్ ప్రమీలాదేవి ఆఫీసు మెట్లు ఉరుక్కుంట ఎక్కొచ్చిన అర్షీన్‌కు ఊపిరి ఆడుతలేదు. పరీక్ష ఇంట్లనే, కంప్యూటర్ కెమెరా ముందట కూసొని రాయాలె. ఫోన్ల నడువదు. ఇయ్యాల తప్పితే మళ్ల ఏడాది దాకా లేదు. అప్పటికే పన్నెండు దాటింది.

ప్రమీలాదేవి చెప్పులేసుకుంది. ఎనక సంచి పట్టుకొని దుబ్బయ్య. హోంగార్డు పని ఇడిసి ఆమె దగ్గర చేరినోడు. ఆమె తెలివి చూసి మురుసుడే ఆయనకు సగం జీతం.

ఇంట్ల అడుగు పెట్టంగనే లొల్లి. పై వాటాల కిరాయికున్న ఉబేద్ మీద అర్షీన్ తల్లి హుస్నాబీ గయ్యిమంటుంది.

"నిన్న నీళ్ల ట్యాంకు కాడ కొట్లాడినవ్, ఇయ్యాల వైరు కోసినవ్!"

"ఖుదా కసమ్ ఆపా, నేను వైరు జోలికే పోలె!"

దుబ్బయ్యకు సుత వాని మీదనే అనుమానం. ప్రమీలాదేవి మాత్రం అర్షీన్‌ దిక్కు తిరిగింది. "మీ ఫోన్లకు ఇంటి వైఫై వస్తుందా బిడ్డా?"

"మంచిగొస్తుంది. కంప్యూటర్లనే ఏది నొక్కినా, కనెక్షన్ సురక్షితం కాదని ఎర్రగ చూపుతుంది."

"పొద్దుగాల దీని మీద కూసున్నదెవరు?"

అర్షీన్ అన్న జాఫర్ ముందుకొచ్చిండు. తెల్లటోపీ పెట్టుకొని, అత్తరు పూసుకొని జుమ్మా నమాజుకు తయారైండు. ఇంట్లనే పెండ్లికార్డులు చేసిస్తడు. "నేనే. తొగుట ఊరోళ్ల పెండ్లికార్డు చేసిచ్చిన. నాకు నెట్టుతోని పనే లేదు."

"కార్డులు చేసే సాఫ్ట్‌వేర్ కొన్నవా?"

"లే... ఊకెనే వచ్చింది. ముప్పై రోజులు వాడుకోవచ్చు."

"తెచ్చి ఎన్నొద్దులాయె?"

అర్షీన్ అంత భయంల సుత కిసుక్కుమన్నది. "రెండేండ్లు!"

ప్రమీలాదేవి వంగి తెర మూలకు చూసింది. అందరిని దగ్గరికి పిలిచింది.

"ముందుగాల ఉబేద్ సంగతి. వైరు కోస్తే ఫోన్లకు సుత వైఫైల నెట్టు బందైతుండె. ఈ పిలగాడు దొంగ కాదు. దుబ్బయ్యా, ఇయ్యాల ఏం వారం?"

"శుక్రారం అమ్మా. జుమ్మా గదా!"

"గీ తెర మీద మంగళారం. గది సుత రెండేండ్ల కిందటి మంగళారం."

దుబ్బయ్య నోరు తెరిచిండు.

"ప్రతి సైటుకు బస్ పాసు లెక్క ఒక పత్రం ఉంటది, ఫలానా తారీఖు నుంచి ఫలానా తారీఖు దాకా అని. కంప్యూటరే కండక్టర్. పాసులేమో ఈ ఏడాదివి, కండక్టర్ ఇంక రెండేండ్ల ఎనకనే ఉన్నడు. గీ పాసు మొదలే కాలె, దిగు అని అందరిని దించుతుండు. తారీఖు ఎనకకు తిప్పింది జాఫర్. ముప్పై రోజులు నిండలేదని సాఫ్ట్‌వేర్‌ను మోసం చేసుడు! ఔనా?"

జాఫర్ తల వంచిండు. "పనైనంక రోజూ మళ్ల సక్కగ పెడుతుంటి మేడం. ఇయ్యాల కార్డిచ్చే తొందరల మరిసిన. నెట్టు ఆగుతదని నాకేం ఎరుక?"

ప్రమీలాదేవి తారీఖు, టైము సరి చేసింది. ఎర్ర పేజీ పోయింది. పరీక్ష పేజీ తెరుసుకుంది!

"వైరు ముట్టలె, స్క్రూ ఇప్పలె!" అని దుబ్బయ్య చప్పట్లు కొట్టిండు. హుస్నాబీ ఉబేద్ చెయ్యి పట్టుకుంది. "మాఫ్ చెయ్యి తమ్మీ. ట్యాంకు నల్లా ఇగ నువ్వే తిప్పుకో."

రెండింటికి తలుపు మూసుకుంది. నమాజు చేసి ఉరికొచ్చిన జాఫర్ గల్లీ మొగన నిలబడి, మైకుల ఒర్రుకుంట వచ్చిన కూరగాయల బండిని అటే మళ్లగొట్టిండు.

నాలుగింటికి తలుపు తెరుసుకుంది.

"అమ్మీ! అన్నీ రాసిన. ఒక్కటి సుత ఇడువలె!"

అర్షీన్ నవ్వు గల్లీ దాకా ఇనబడ్డది.