కనిపించని పార్టిషన్

ఇంజినీర్ నర్సింహ ఉదయం ఆరింటికి చాయ్ తాగాడు. ఆరుంబావుకు చనిపోయాడు. మహబూబ్‌నగర్ బస్టాండ్ వెనక లాడ్జిలో, రెండో అంతస్తు గదిలో.

ఎనిమిదింటికి హైదరాబాద్ నుంచి ఏజెన్సీ చీఫ్ మంజులత ఫోన్ చేసినప్పుడు ఏజెంట్ గిరి కారు జడ్చర్ల దాటుతోంది.

"నర్సింహది అచ్చంపేట అవతల రాడార్ కేంద్రంల ఉద్యోగం. నిన్ననే మనకు మెసేజ్ పెట్టిండు. లాడ్జి బాత్రూంలల్ల కెమెరాలు పెట్టి, వీడియోలు చూపిచ్చి, రాడార్ కోడ్‌లు అడుగుతున్నరట. సరిహద్దు అవతలి ముఠా."

"ఆయన ఇచ్చిండా మేడమ్?"

"ఇయ్యలే. అందుకే చంపిన్రు. ఇంకెవరో ఈ రోజే ఇస్తున్నరు. ఎవరో తెల్వది. ఆ వీడియోలు లాడ్జి డీవీఆర్‌ల, కెమెరాల రికార్డింగ్ డబ్బాలనే ఉండాలె. దొరకబట్టు. అక్కడ మన మనిషి మల్లిక ఉంది."

తొమ్మిదింటికి గిరి లాడ్జిలో అడుగుపెట్టాడు. భుజాన టూల్ బ్యాగ్, జేబులో స్క్రూడ్రైవర్, సీసీ కెమెరా మెకానిక్ వేషం. పెద్ద వేషమేం కాదు. ఏజెన్సీలో చేరకముందు నల్గొండలో ఆరేళ్లు అదే పని చేశాడు.

కౌంటర్ వెనక నెమలికంఠం రంగు చీరలో మల్లిక. లాడ్జి మేనేజర్. రెండేళ్లుగా ఏజెన్సీకి నెలనెలా ఫుటేజ్ పంపే ఇన్‌ఫార్మర్. ఆమె నవ్వితే దిగినవాళ్లు కిరాయి సంగతి మర్చిపోతారని పేరు.

"సీతాఫలాలు వచ్చినయా?" అన్నాడు గిరి.

"ఇంకా పండలే" అంది మల్లిక. కోడ్ సరిపోయింది.

ఆఫీసు గదిలో డీవీఆర్ మూత విప్పగానే గిరి కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చే డిస్క్ ఐదు వందల జీబీ. లోపల ఉన్నది రెండు టెరాబైట్లు. ఎవరో డబ్బాను మోడిఫై చేశారు. డిస్క్‌ను తీసి, దాని మీద కొత్తగా ఏమీ రాయనివ్వని అడాప్టర్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపాడు. డిస్క్‌లోని మొదటి భాగం, మొదటి పార్టిషన్, తెరుచుకుంది. లాబీ, మెట్లు, పార్కింగ్. ఏజెన్సీకి ఇన్నాళ్లూ వచ్చిన ఫుటేజ్ ఇదే. మిగతా జాగా దగ్గర తెర మీద ఒక ప్రశ్న. గుర్తించలేని పార్టిషన్, ఫార్మాట్ చేయాలా?

మల్లిక అతని భుజం మీదుగా వంగింది. "ఎస్ కొట్టన్నా. గీ డిస్క్‌లు గట్లనే అడుగుతయ్. కొడితే అన్నీ మంచిగ కనిపిస్తయ్."

గిరి వేలు ఆగిపోయింది. ఫార్మాట్ కొడితే కనిపించేదేమీ ఉండదు, అడాప్టర్ అడ్డం లేకుంటే ఉన్నదంతా పోతుంది. రెండేళ్లు ఫుటేజ్ తీసి పంపిన మనిషికి ఆ సంగతి తెలియకుండా ఉండదు.

"కొడ్త గని, జర చాయ్ చెప్పు" అన్నాడు.

ఆమె వెళ్లగానే కేబుల్ మార్చాడు. పోర్ట్ మార్చాడు. పెన్‌డ్రైవ్‌తో లైనక్స్ అనే వేరే సిస్టమ్ ఎక్కించి చూశాడు. ఊహూ. గంటలు గడిచాయి. పనిపిల్లగాడు తెచ్చిన చాయ్ పక్కనే చల్లారింది. మల్లిక రెండుసార్లు తొంగిచూసి, అయిందా అని అడిగింది. చివరికి డిస్క్‌ను పచ్చి అక్షరాల్లో తెరిచాడు. తెర నిండా చెత్త. ఆ చెత్త మధ్యలో ఒక మాట పదేపదే కనిపించింది. HSBOAH.

పైకి చదివాడు. అక్షరాలను జంటలుగా విడగొట్టి, ప్రతి జంటనూ తిప్పేసి చూశాడు. SH, OB, HA. శోభ. ముఠా డిస్క్‌ను పాడు చేయలేదు. ప్రతి రెండు బైట్లనూ తారుమారు చేసి రాసింది, అంతే. మోడిఫై చేసిన ఈ డబ్బా తప్ప ఇంకే కంప్యూటరూ అందులో పార్టిషన్ ఉందని గుర్తించదు. ఒక కాపీ తీసుకుంటూ జంటలన్నిటినీ తిరగేసే కమాండ్ ఇచ్చాడు.

పార్టిషన్ లేచింది. అరవై నాలుగు ఫోల్డర్లు. ప్రతిదానికీ ఒక మనిషి పేరు. దవాఖానకు వచ్చి దిగినవాళ్లు, కొత్తగా పెళ్లైనవాళ్లు, పరీక్ష రాయడానికి వచ్చినవాళ్లు. నర్సింహ పేరు కూడా. గిరి ఒకే ఒక్క ఫైల్, పేరు లేనిది, తెరిచాడు. కెమెరా పరీక్ష. మల్లిక ముఖం తెర నిండా ఉంది. నెమలికంఠం చీర కొంగుతో లెన్స్ మీది తడిని పూజగదిలో పటం తుడిచినంత శ్రద్ధగా తుడుస్తోంది. గిరి ల్యాప్‌టాప్ మూసేశాడు. నాలుక మీద వేపాకు నమిలినట్టుంది.

శోభ ఫోల్డర్‌లో వీడియోతో పాటు ఒక నోట్ ఉంది. రాడార్ కేంద్రం టెక్నీషియన్. ఈ రోజు, పన్నెండూ పది, స్టేషన్ రెండో ప్లాట్‌ఫారం. చేతికి కట్టున్న మనిషికి పెన్‌డ్రైవ్ ఇవ్వాలి. గోడ గడియారం పదకొండూ నలభై ఐదు చూపిస్తోంది.

ఈసారి చాయ్ మల్లిక తానే తెచ్చింది. "తాగన్నా."

"నువ్వు తాగు."

ఆమె కప్పు ముట్టలేదు. ల్యాప్‌టాప్ వైపు చూసింది. అర్థమైంది.

"ఆడపిల్లలవి గూడ తీసినవా మల్లికా?"

"ఆడోళ్లవే ఎక్కువ పనికొస్తయన్నా" అంది, కూరగాయల సంగతి చెప్పినట్టు.

గిరి ఆమె చేతులను కేబుల్ టైతో కిటికీ ఊచకు బిగించాడు. కప్పును మూతపెట్టి, డిస్క్‌తో పాటు సాక్ష్యం కింద సంచిలో వేశాడు. నర్సింహ చావు కేసులో గేటు దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్‌ను గది బయట నిలబెట్టి పరుగెత్తాడు.

స్టేషన్‌లో రైలు అప్పటికే కదులుతోంది. బోగీ తలుపు దగ్గర చేతికి కట్టు, చంకలో ఎక్స్‌రే కవర్‌తో ఒక మనిషి. కట్టులోని చెయ్యే ముందుకు చాచాడు. పక్కనే నడుస్తూ, ఏడుస్తూ, ఒక అమ్మాయి పెన్‌డ్రైవ్ అందిస్తోంది. అది రెండు చేతుల మధ్య ఉండగా గిరి అతని మణికట్టు పట్టుకుని లాగాడు. ఇద్దరూ ప్లాట్‌ఫారం మీద దొర్లారు. రైల్వే పోలీసులు వచ్చి పైన పడ్డారు. పెన్‌డ్రైవ్ గిరి పిడికిట్లో ఉంది.

శోభ అక్కడే కూలబడింది. "మా బాపుకు పంపిస్త అన్నరు సార్. బాపు బతకడు సార్."

"ఎవలకూ పోదు చెల్లె. డిస్క్ నా సంచిల ఉంది. వీని ఫోన్ గూడ దొరికింది."

ఆమె తల ఎత్తకుండానే అడిగింది. "మీరు చూసిన్రా?"

"నీ పేరు చూసిన. అంతే."

అది నిజం. ఆమె అప్పుడు అతని ముఖంలోకి చూసింది.

సాయంత్రం మంజులత ఫోన్ చేసింది. "ఢిల్లీ వాళ్లు ఖుషీగున్నరు. నీకేం కావాలెనో అడగమన్నరు."

గిరి తన రెండు చేతులూ చూసుకున్నాడు. "నాలుగు బకెట్ల ఉడుకు నీళ్లు, మేడమ్. సబ్బు నేనే కొనుక్కుంట."