పిల్లర్లకు తెచ్చిన స్టీలు

"ఈ రాడ్లు ఇక్కడికెలా వచ్చాయి?"

ఆమె నాతో అన్న మొదటి మాట అది. డిజైన్ ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చింది. మర్నాడు పొద్దున్నే మేం కడుతున్న ఆస్పత్రికి రెండో అంతస్తు స్లాబు వేయాలి. తుంపర పడుతోంది. గొడుగు పక్కన పడేసి, బీమ్‌లో కట్టిన రాడ్డు మీది గ్రేడు అచ్చును వేలితో తడిమి చూస్తోంది.

"లారీలో వచ్చాయి మేడమ్," అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

బీమ్‌లకు మామూలు స్టీలు తక్కువ పడింది. పిల్లర్లకు తెప్పించిన హై స్ట్రెంగ్త్ స్టీలు మిగిలింది. అదే లావు, బలం ఎక్కువ. ఇంకేం కావాలని కట్టించేశాను. రెండు రోజులుగా ఆ గర్వంతోనే తిరుగుతున్నాను.

"అన్నీ విప్పించండి."

"చొక్కా అడిగితే కోటు ఇచ్చినందుకు కోప్పడేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను."

"భూమి ఊగినప్పుడు ఏదో ఒకటి ముందు వంగాలి ఇంజినీర్ గారూ. బీమ్ కొసల్లో స్టీలు సాగితే పిల్లర్లు నిలబడతాయి, లోపలివాళ్ళు బయటపడతారు. మీరు బీమ్‌ని పిల్లర్ కంటే మొండిదాన్ని చేశారు. ఇప్పుడు విరిగేది పిల్లరే."

"అంత పెద్ద భూకంపం వస్తుందంటారా?"

ఆమె పక్కన పడేసిన గొడుగు తీసి మడిచింది.

"మా అమ్మ నర్సు. డ్యూటీలో ఉండగా వచ్చింది. కింది అంతస్తు పిల్లర్లు విరిగి పైదంతా కూర్చుండిపోయింది. బీమ్‌లు మాత్రం చెక్కుచెదరలేదు. అక్కడా ఎవరో మంచిదే ఇచ్చుంటారు."

నాకు సిగ్గేసింది.

కాంట్రాక్టరు మా నాన్నే. ఫోన్ చేస్తే, "విప్పావంటే నా సైట్లో మళ్ళీ కాలు పెట్టకు," అన్నారు. ఫోన్ జేబులో పెట్టుకుని కటింగ్ ప్లేయర్ అందుకున్నాను. నన్ను చూసి పనివాళ్ళూ వచ్చారు. ఆమె కూడా కూర్చుని బైండింగ్ వైర్ విప్పసాగింది. తీగ గీసుకుని అరచేయి తెగితే నా గ్లవ్స్ ఇచ్చాను.

"ఇందులో నా చేతులు రెండూ పడతాయి," అంది. అప్పుడు మొదటిసారి నవ్వింది.

స్లాబు తొమ్మిది రోజులు ఆలస్యమైంది. నాన్న నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె మళ్ళీ రాలేదు. తర్వాతి తనిఖీలకు వేరే ఆయన వచ్చాడు. ఆమె నంబరు నా దగ్గర ఉంది. ఫోన్ చేయడానికే ధైర్యం లేకపోయింది.

రెండేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం భూమి ఊగింది. కంటి ఆపరేషన్ చేయించుకుని నాన్న అదే ఆస్పత్రిలో, అదే రెండో అంతస్తులో ఉన్నారు. ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. వెళ్ళేసరికి గేటు ముందు బెంచీ మీద, కంటికి కట్టుతో, నర్సు చేయి పట్టుకుని కూర్చుని ఉన్నారు. లోపలివాళ్ళందరూ క్షేమంగా బయటపడ్డారు.

మూడో రోజు భవనం తనిఖీకి ఆమె వచ్చింది. ప్రతి బీమ్ కొసా పగిలి ఉంది. పిల్లర్ల మీద గీత కూడా లేదు. ఒక పిల్లర్‌కి అరచేయి ఆనించి, అలాగే నిలబడి ఏడ్చింది. నేను పక్కనే నిలబడ్డాను.

తర్వాత సంచిలోంచి నా గ్లవ్స్ తీసింది.

"ఇన్నాళ్ళూ ఇవ్వలేదేం?"

"ఇచ్చేస్తే మళ్ళీ రావడానికి సాకు ఉండదని."

"నేను ప్రతి తనిఖీకీ గేటు దగ్గర నిలబడ్డాను. మీరొస్తారని."

వద్దన్నా వినకుండా నాన్న నా వెంటే వచ్చారు. వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"రాడ్లు విప్పించిన అమ్మాయివి నువ్వేనా తల్లీ?"

"అవునండీ."

"ఆ రోజు ఫోన్లో నిన్ను చాలా మాటలన్నాను. అవి నీ చెవిన పడలేదు, వీడి చెవిన పడ్డాయి." ఆయన తలెత్తి పగిలిన బీమ్‌ల వైపు చూశారు. "ఈ బీమ్‌లు బాగుచేయడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఆరు నెలలు పడుతుందండీ."

"రోజూ రావాలా?"

"రావాలి."

"అయితే ఈలోగా మీ నాన్నగారితో నేను మాట్లాడతాను. నీకిష్టమైతేనే."

ఆమె నా వైపు చూసింది. ఆ పెద్ద గ్లవ్స్ తొడుక్కుని మొదటి బీమ్ దగ్గరికి నడిచింది. నేను వెళ్ళి నిచ్చెన పట్టుకున్నాను.