గమ్మున చెప్పమంటే

విడపనకల్లులో హేమావతికి సిగ్నల్ సరిగ్గా దొరికే చోటు ఒక్కటే, వాళ్ళ మిద్దె. అందుకే ఆ ఉదయం ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, నీళ్ళ ట్యాంకు నీడలో లాప్‌టాప్ ముందు కూర్చుంది. అనంతపురంలో మాండలికాల సదస్సు జరుగుతోంది. గొర్రెల కాపరులు మందను పిలిచే పిలుపుల మీద రాసిన తన మొదటి పేపర్ ఇవాళే చదవాలి. అమ్మ రామాంజినమ్మ కాలు విరిగి మంచంలో ఉంది కాబట్టి ఊరు కదిలే వీల్లేదు.

"ఆన్‌లైన్ వాళ్ళెందుకయ్యా? వీడియో పంపితే తీరిగ్గా చూసుకుంటాం" అని సదస్సు పెద్ద విజయభాస్కర్ మొదట్లోనే మొహం చిట్లించాడు. ఆయన్ని కాళ్ళావేళ్ళా పడి ఒప్పించినవాడు హర్ష. సదస్సు కంప్యూటర్ పనులు చూసే తెనాలి కుర్రాడు.

"మీ పేపర్ తుస్సుమంటే ఇక ఆన్‌లైన్ మాటే ఎత్తనని మాటిచ్చానండీ" అని చెప్పి, రోజూ టెస్ట్ కాల్ పేరుతో ఫోన్ చేసేవాడు.

"వినిపిస్తోందా?"

"వినపడతాండాది. నిన్న కూడా వినపడె. నీకేమన్నా చెవుడా?"

"ఇంకొంచెం మాట్లాడండి, చెక్ చేస్తాను."

ఏం చెక్ చేస్తున్నాడో హేమావతికి తెలియకపోలేదు. తెలిసీ ఫోన్ పెట్టేసేది కాదు.

ఆమె వంతు వచ్చింది. నమస్కారం పెట్టిందో లేదో, చాట్‌లో హర్ష మెసేజ్: "ముందువాళ్ళు టైమంతా తినేశారు. గమ్మున చెప్పండి ప్లీజ్."

హేమావతి తెల్లబోయింది. గమ్మున అంటే వాళ్ళ ఊళ్ళో నోరు మూసుకుని అని. నోరు మూసుకుని పేపర్ చదవడమేమిటి? కానీ చెప్పింది హర్ష. ఏదో కారణం ఉండే ఉంటుంది.

మైక్ ఆపేసింది. స్లైడ్లు తిప్పుతూ చేతులు ఊపింది, కళ్ళు తిప్పింది. పిలుపు దగ్గరకొచ్చేసరికి నోటి పక్కన చేతులు పెట్టుకుని, చప్పుడు లేకుండా గొర్రెల్ని పిలిచింది.

హాల్లో ఎవరో, "పాపం, పంటి నొప్పేమో" అన్నారు. విజయభాస్కర్ గడియారం చూసుకున్నాడు. అది స్క్రీన్ మీద కనబడగానే హేమావతికి ఏడుపొచ్చినంత పనైంది.

హర్ష హాల్లో మైక్ లాక్కున్నాడు. "హేమావతి గారూ, మాట్లాడరేమండీ! నా కొంప మునుగుతోంది!"

ఆమె తన మైక్ తెరిచింది. "నువ్వే కదప్పా గమ్మున చెప్పమంటివి!"

"అవునండీ, గమ్మున! త్వరగా!"

"త్వరగానా? మాకు గమ్మునంటే నోర్మూసుకోని!"

హాలంతా మాండలికాల పండితులే. ఒక్కసారిగా గొల్లుమన్నారు. విజయభాస్కర్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇందుకే కదమ్మా మనం సదస్సు పెట్టుకుంది! మొదటినుంచీ చెప్పు. టైమ్ సంగతి నేను చూసుకుంటా."

ఈసారి నోరారా చెప్పింది. పిలుపు గొంతెత్తి పిలిచేసరికి కింద దొడ్లో మంద మొత్తం బ్యా అంది. వాళ్ళ నాయన చెన్నప్ప పరుగున మిద్దెక్కి, "ఎవరే, నా గొర్రెల్ని పిలుస్తాండేది?" అని స్క్రీన్ నిండా ప్రత్యక్షమయ్యాడు. చప్పట్లు ఆగలేదు. వచ్చేసారి రాలేనివాళ్ళందరికీ ఆన్‌లైన్ ఉంటుందని విజయభాస్కర్ అక్కడికక్కడే ప్రకటించాడు.

అందరూ భోజనాలకు లేచారు. హర్ష స్క్రీన్‌కు దగ్గరగా జరిగాడు.

"టెస్ట్ కాల్స్ అన్నీ అబద్ధమండీ. మీ గొంతు వినకపోతే నాకు పొద్దుపోదు. మీరంటే నాకు చాలా ఇష్టం."

హేమావతి నోరు తెరిచేలోపే చెన్నప్ప అడ్డొచ్చాడు.

"ఏమప్పా, యాడోనివి నువ్వు?"

"తె... తెనాలి అండీ."

"ఇట్లాంటి మాటలు కంప్యూటర్లో చెప్తే చెల్లవు. ఈడికొచ్చి చెప్పల్ల. మీ అమ్మానాయన్ని పిల్చుకోని రా."

"నాన్నగారికి మోకాళ్ళ నొప్పులండీ. అంత దూరం రాలేరు."

చెన్నప్ప గడ్డం గోక్కున్నాడు. "మా ఆడమనిషీ మంచం దిగలేదు. సరే, ఆ పెద్దోళ్ళు ఫోన్లో మాట్లాడుకోనీ. నువ్వు మాత్రం బస్సెక్కు. ఏం పాపా, రమ్మందామా?"

"రమ్మను నాయనా. నాకూ ఆయప్పంటే ఇష్టమే" అంది హేమావతి.

అటునుంచి చప్పట్లు మోగాయి. హర్ష ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. హాలు స్పీకర్లు ఆపడం మరిచిపోయాడు. విస్తరాకులు పట్టుకుని పండితులంతా గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"హర్షా," అన్నాడు విజయభాస్కర్, "ఉరవకొండ మీదుగా విడపనకల్లు వెళ్ళే బస్సు రెండింటికి. అన్నం తర్వాత తిందువులే, ముందు పరిగెత్తు!"