పదిహేడు లిఫ్టులు, ఒక బయోడేటా

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే. కానీ ఆ రోజు పొద్దున్న ముప్పై మంది దిగినంత హడావుడిగా ఉంది. పదకొండింటికి అమ్మాయికి వీడియోలో ఇంటర్వ్యూ. కాలేజీ అయిపోయి ఎనిమిది నెలలు. నలభై దరఖాస్తులు పెడితే రెండో రౌండు దాకా వచ్చింది ఇదొక్కటే.

తండ్రి లిఫ్టు మెకానిక్కు. ఆరింటికే లేచి ఫ్యాను చప్పుడు చెయ్యకుండా బిగించాడు, కుర్చీ కిర్రుమనకుండా నూనె వేశాడు, లాప్‌టాప్ ఎత్తు సరిపోక దాని కింద పప్పుల డబ్బా పెట్టాడు. పంటి డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేసే తల్లి, సెలవు పెట్టి మరీ చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

"కింద ప్యాంటు కూడా ఇస్త్రీ చెయ్యి" అన్నాడాయన.

"కెమెరాలో నడుం దాకానే కనిపిస్తుంది."

"ఉన్నట్టుండి లేచి నిలబడమంటే?"

"ఇంటర్వ్యూ అండీ అది, జాతీయగీతం కాదు!"

అప్పుడే అమ్మాయి ఫోను మోగింది. ఇంట్లో అందరూ 'పిట్ట' అనే ఆ పిల్ల, ఫోనెత్తి రెండు మాటలు వినేసరికే పాలిపోయింది.

"అవునండీ, నేనే... లిఫ్టులోనా?... సారీ అండీ. తీయించేస్తాను. పదకొండుకే కదండీ, ఉంటాను."

ఫోను పెట్టేసి మెల్లిగా తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, నా రెజ్యూమె ఈ ఇంటర్వ్యూ వాళ్ళ ఆఫీసు లిఫ్టులో ఎందుకుంది?"

ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశారా? నే చెప్పలే! లిఫ్టెక్కినవాడికి చదవడానికి ఇంకేం ఉంటుంది పిట్టా? అంకెలు చూస్తూ నిలబడాలి. నలభై సెకన్లు మనిషి మన చేతిలో ఉంటాడు. అందుకే నా కింద ఉన్న పదిహేడు లిఫ్టుల్లోనూ అంటించేశా!"

"పదిహేడా! కింద మార్కరుతో ఏం రాశావు?"

ఈసారి ఆయన కాస్త తడబడ్డాడు. 'ఎనిమిది మందికి మించి ఎక్కరాదు' అని రాసే అక్షరాలతోనే ఆయన రాసింది ఇదీ: మా అమ్మాయి. చాలా తెలివైంది. కొంచెం భయస్తురాలు. తొందరపెట్టకండి.

"వాళ్ళు నిన్ను అర్థం చేసుకోవాలని..."

"తప్పిపోయిన పిల్లికి వేసినట్టు పోస్టరేశావు నాన్నా! పట్టుకున్నవాళ్ళు జాగ్రత్తగా అప్పగించాలి అని కూడా రాయకపోయావా? అమ్మేమో రోజుకి ఆరుసార్లు 'ఏమైనా వచ్చిందా' అంటుంది. నాకు మెయిల్ రాకపోతే అది నా తప్పా?"

"మధ్యలో నేనేం చేశానే?" అంది తల్లి. ఇస్త్రీపెట్టె మాత్రం పక్కన పెట్టేసింది.

ఆయన పనిముట్ల సంచీ అందుకున్నాడు. "ఇప్పుడే వెళ్ళి అన్నీ పీకేసొస్తా. గంటలో వచ్చేస్తా."

"ఎక్కడికీ వద్దు, కూర్చోండి" అంది భార్య. "ఏ బిల్డింగుకెళ్ళినా ముందు వాచ్‌మన్‌ని అడుగుతారు కదా? ఏం చప్పుడొస్తోంది, ఏ అంతస్తు దగ్గర, ఎన్నాళ్ళ నుంచి అని. అడక్కుండా పానా పట్టుకోరు. ఎనిమిది నెలల్లో దీన్ని మనిద్దరం ఒక్క ముక్క అడిగామా?"

సంచీ మెల్లిగా నేల మీదికి దిగింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసున్న తనకెవరూ పని నేర్పక్కర్లేదనుకునే మనిషి, ఆ మాటకి సంచీని కాలితో పక్కకి నెట్టాడు. కూతురి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఎక్కడ ఆగుతోంది తల్లీ?"

పిట్ట కుర్చీ అంచుకి జరిగింది. "'మీరు ఫెయిలైన సందర్భం ఒకటి చెప్పండి' అంటారు. అక్కడ. మాట ఆగిపోతుంది."

తల్లి కళ్ళజోడు తగిలించుకుని, గొంతు సవరించుకుంది. "చెప్పండి మేడమ్. మీరు ఫెయిలైన సందర్భం."

పిట్టకి నవ్వొచ్చింది. కాలేజీలో చేసిన ఏదో ప్రాజెక్టు, సర్వరు పడిపోయిన కథ మొదలుపెట్టింది. నాలుగు వాక్యాలు పరుగెత్తి, ఐదోదాని దగ్గర ఆగిపోయింది. తండ్రి కళ్ళు మూసుకుని వింటున్నాడు, మోటారు గదిలో వినేటట్టు.

"ఇది కాదు" అన్నాడు. "నువ్వు చెప్పాలనుకున్నది ఇంకేదో ఉంది. అది దీనికి తగిలి ఒరుసుకుంటోంది."

గదిలో బిగించిన ఫ్యాను చప్పుడు లేకుండా తిరుగుతోంది.

"ఫైనలియర్‌లో ఒక కంపెనీ కాలేజీకి రాలేదని చెప్పాను కదా. వచ్చింది నాన్నా. నా పేరు మూడుసార్లు పిలిచారు. నేను బాత్‌రూములో గడియ పెట్టుకుని కూర్చున్నా, వాళ్ళు వెళ్ళిపోయేదాకా."

"మాతో ఎందుకు చెప్పలేదే?" తల్లి కళ్ళజోడు తీసేసింది.

"కంపెనీ వస్తోందనగానే నాన్న పైవాటాలో వాళ్ళకి, పెదనాన్నకి, వాచ్‌మన్‌కి నాకు ఉద్యోగం వచ్చేసిందని చెప్పేశాడు. నిజంగానే సంతోషంగా ఉన్నాడు. ఎలా చెప్పను?"

ఆయన గుండెలో ఎవరో తీగ కోసినట్టయింది. ఇన్నాళ్ళూ తన సంబరం పిల్లకి ధైర్యమిస్తోందనుకున్నాడు. ఆ పిల్ల తన బరువుకి తోడు ఆ సంబరాన్ని కూడా ఒక్కతే మోసింది.

"తప్పు నాదే" అన్నాడు ముక్కు తుడుచుకుని. "ఇప్పుడు ఇదే చెప్పు. మెల్లిగా."

చెప్పింది. మళ్ళీ చెప్పింది. మూడోసారి తల్లి అడ్డం వచ్చింది. "ఆ తర్వాత ఏం చేశారు మేడమ్?"

"నలభై చోట్ల అప్లై చేశా. ఆరు ఇంటర్వ్యూలకి కూర్చున్నా. ఒక్కదాన్నుంచి కూడా లేచి రాలేదు." అని, తన మాట తనే విని ఆశ్చర్యపోయినట్టు ఆగింది. "అరె. అవును కదా!"

పదకొండుకి గది తలుపు మూసుకుంది. ఆయన తలుపుకి చెవి ఆనించబోతే భార్య కాలరు పట్టి వంటింట్లోకి లాక్కెళ్ళింది. ముప్పై ఐదు నిమిషాల్లో ఆయన మూడు టీలు తాగాడు, పని చేస్తున్న మిక్సీని విప్పి మళ్ళీ బిగించాడు.

తలుపు దడాలున తెరుచుకుంది.

"ఆ ప్రశ్న అడగనే లేదు నాన్నా!" పిట్ట గెంతుతోంది. "ఎంతకీ అడక్కపోతే నేనే చెప్పేశా! విని, ఇద్దరూ పెన్నులు కింద పెట్టేసి ఇంకా చెప్పమన్నారు! మూడో రౌండు! గురువారం ఆఫీసుకి రమ్మన్నారు!"

తల్లి పిల్లని వాటేసుకుంది. ఆయన చెయ్యి అలవాటుగా జేబులోంచి ఫోను తీసింది. అన్నగారి నంబరు మీదికి వేలు వెళ్ళింది. అక్కడే ఆగింది.

"చెప్పొచ్చా?" అని కూతుర్నడిగాడు.

పిట్ట ఆయన చేతిలోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టింది. "వచ్చాక అందరికీ చెప్దాం నాన్నా. రాకపోతే మనం ముగ్గురం కూర్చుని ఏడుద్దాం."

"అలాగే తల్లీ" అన్నాడు కానీ, ఆ రెండో పని ఆయన అప్పటికే మొదలుపెట్టేశాడు.