తెల్ల గౌనులో నీలం దారం

తెల్లవారకముందే టైలరమ్మ ఇల్లు పెళ్ళి సందడితో ఊగిపోతోంది. స్నానాల గది ముందు బంధువుల వరుస, ఇస్త్రీపెట్టె కోసం కేకలు, పొయ్యి మీద పొంగబోతున్న పాలు.

"వదినా, పాలు!" ఆడపడుచు అరిచింది. "పొయ్యి మీద పాలు ఆగవు, పిన్నుల్లో నా జుట్టు ఆగదు. ఈ ఇంట్లో కుదురుగా ఉండేది ఒక్కటైనా ఉందా?"

టైలరమ్మ గిన్నె దింపింది కానీ కళ్ళు మాత్రం నడిగదిలో కొక్కేనికి వేలాడుతున్న సంచీ మీదే ఉన్నాయి. అందులో కూతురి పెళ్ళి గౌను ఉంది. దాన్ని కత్తిరించి, చేత్తో పైపైన, తర్వాత తీసేసే కచ్చా కుట్లు వేసిన వారానికే భర్త నిద్రలో కన్నుమూశారు. ఆయన కత్తిరించి కచ్చాగా కూర్చడం, ఈమె మిషను మీద పక్కాగా కుట్టడం వాళ్ళ పెళ్ళయిన నాటినుంచీ ఉన్న పద్ధతి. ఆ ప్రకారమే ఆమె గౌను పూర్తిచేసింది. సంచీని మాత్రం ఎవరినీ విప్పనివ్వలేదు.

"అమ్మా!" లోపల్నుంచి కేక వినిపించింది.

వెళ్ళి చూస్తే పెళ్ళికూతురు గది మధ్యలో బిగుసుకుపోయి నిలబడి ఉంది. తెల్లటి గౌను మీద పైనుంచి కిందికి నీలం దారం కుట్లు. మడతలన్నీ ఆ దారంతో మూసుకుపోయి ఉన్నాయి.

"ఇదేం ఫ్యాషనే గుండీ?" ఆడపడుచు నోరు తెరిచింది. తండ్రి ముద్దుగా పెట్టిన పేరది. "ఏదీ, నడువు చూద్దాం."

"అడుగు పడితే కదత్తా! కాళ్ళు కట్టేసిన కోడిలా ఉన్నాను. అమ్మా, కచ్చా కుట్లు తీయడం మర్చిపోయావా?"

"మర్చిపోలేదు."

ఆడపడుచు చేతిలో పిన్ను అలాగే ఉండిపోయింది.

"మిషను కుట్టంతా నాదే" అంది టైలరమ్మ, మంచం అంచున కూర్చుని గోడకేసి చూస్తూ. "ఆ నీలం దారం ఒక్కటే మీ నాన్న చేతిది. రోజూ కత్తెర పట్టుకున్నాను. చెయ్యి రాలేదే. పైన మేలిముసుగు కప్పుకుంటే కనబడదులే. మెల్లగా నడు."

"మెల్లగానా?" కూతురి ముఖం ఎర్రబడింది. "నన్ను పెళ్ళికి పంపుతున్నావా, కట్టిపడేస్తున్నావా?"

"కట్టిపడేస్తున్నాననే అనుకో! ఆయన వెళ్ళిపోయారు. ఇవాళ నువ్వూ వెళ్తున్నావు. రేపట్నుంచి ఈ ఇంట్లో నా మిషను చప్పుడు తప్ప ఇంకేం ఉంటుంది? అందరూ దేవుడికి స్తోత్రం చెప్పమంటారు. దేనికని చెప్పను? ఆయన పోయాక చర్చిలో నోరు తెరవలేదు నేను. నీకేం తెలుసు?"

"తెలుసమ్మా. నీ పక్కనే కూర్చుంటున్నానుగా."

ఆ మాటతో ఇద్దరి కోపం చల్లబడింది. కూతురు తల్లి పక్కన కూర్చోబోయింది కానీ గౌను వంగనివ్వలేదు. నిలబడే అడిగింది.

"ఈ దారం లాగేటప్పుడు నాన్న ఏమనేవారు?"

టైలరమ్మకు ఆయన మాట గుర్తొచ్చింది. ముడి తెంపి, దారం కొస వేలికి చుట్టుకుని, "స్తోత్రం ప్రభువా, ఇంతదాకా పట్టి ఉంచావు" అనేవారు. దారానికి కూడా ప్రార్థనేనా అని తను వేళాకోళం చేసేది. "కోపంగా లాగి చూడు, గుడ్డ ముడుచుకుపోతుంది. దండం పెట్టి లాగితే మెత్తగా వస్తుంది" అని నవ్వేవారాయన.

బయట కారు హారన్ మోగింది. టైలరమ్మ కత్తెర తీసుకుని నేలమీద కూర్చుంది. మొదటి ముడి తెంపింది. దారం సర్రున జారివచ్చింది.

"స్తోత్రం ప్రభువా" అంది. గొంతు తనదిలా లేదు. "ఇన్నేళ్ళు ఆయన్ని నాకిచ్చావు."

ఇంకో ముడి. "నేను అలిగిన ప్రతిసారీ ఆయనచేతే ముందు మాట కలిపించావు." ఇంకొకటి. "నొప్పి తెలియకుండా తీసుకెళ్ళావు. తీసుకెళ్ళినందుకు నీమీద చాలా కోపమొచ్చింది ప్రభువా... అయినా స్తోత్రం."

కన్నీళ్ళు గౌను మీద పడకుండా మోచేత్తో తుడుచుకుంటోంది.

"చిన్నప్పుడు మా అన్నయ్య నాకు ఒక చెయ్యి పొడుగ్గా, ఒక చెయ్యి పొట్టిగా గౌను కుట్టాడు. బడంతా నవ్వింది" అని వెక్కింది ఆడపడుచు. "దానికీ స్తోత్రం!"

ముగ్గురూ ఒక్కసారిగా నవ్వేశారు, ముక్కులు చీదుకుంటూనే.

ఆఖరి దారం వచ్చేసింది. మడతలు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. కూతురు గిర్రున తిరిగి, తల్లిని ముద్దుపెట్టుకుని, గుమ్మంవైపు పరుగుతీసింది.

"మెల్లగా గుండీ!"

"ఇంకా మెల్లగా ఎందుకమ్మా? అడుగు పడుతోందిగా!"

ఆడపడుచు దారపు పోగులు ఏరింది. "పారేయనా?"

"మీ అన్నయ్య ఎప్పుడైనా కచ్చా దారం పారేశారా?" టైలరమ్మ వాటిని లాక్కుని ఖాళీ రీలుకు చుట్టింది. "ఇంకో బట్టకు పనికొస్తుంది."

"ఏ బట్టకు వదినా? మనవరాలి జానెడు గౌనుకా?"

"ముందు పెళ్ళి కానివ్వవే తల్లీ!"

చర్చి కిటకిటలాడుతోంది. పాస్టరుగారు ప్రార్థన ముగించారో లేదో, మొదటి వరసలోంచి ఒక గొంతు అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా "స్తోత్రం!" అంది. మేలిముసుగులోంచి పెళ్ళికూతురు చటుక్కున తల తిప్పింది.

ఆడపడుచు మోచేత్తో పొడిచింది. "మెల్లగా వదినా!"

"ఇంకా మెల్లగా ఎందుకే?" అంది టైలరమ్మ.