అక్కకి చోటు

ట్రాయ్‌లోని ఇంటి నుంచి శనివారం పొద్దున్నే బయల్దేరినప్పుడు జయంతికి ఏ దిగులూ లేదు. స్టీలు డబ్బాలో పులిహోర, ఫ్లాస్కులో కాఫీ, నడుం వెనక పెట్టుకోవడానికి రెండు దిళ్ళు. ఆరో నెల. అక్టోబర్ చలి అప్పుడప్పుడే ముదురుతోంది.

"ఈ వీకెండ్ దాటితే ఆకులన్నీ రాలిపోతాయి," అని కృష్ణమోహన్ వారంగా ఒకటే పోరు. "బిడ్డ పుట్టాక ఎక్కడికీ కదల్లేం. డాక్టర్‌ని అడిగాను, ఫర్వాలేదన్నారు. నేను మెల్లగా డ్రైవ్ చేస్తాను కదా."

ఆయన అలా బతిమాలడం ఆమెకి బాగుంది. మామూలుగా నోరు విప్పే మనిషి కాదు. కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజనీరు. ఇంట్లో కూడా బ్రేకు మీద కాలు పెట్టుకునే మాట్లాడతారని ఆమె ఏడిపిస్తూ ఉంటుంది. అలాంటివాడు తనంతట తాను, ఉత్తరాన సుపీరియర్ సరస్సు దాకా తీసుకెళ్తానంటే ఏ ఆడది కాదంటుంది?

జయంతి ఆయనకి రెండో భార్య. మొదటామె సుమతి. ఈ పరాయి దేశంలోనే, ఇదే ఇంట్లో కాపురం చేసి, జబ్బు చేసి పోయిందని పెళ్ళిచూపుల్లో చెప్పారు. అంతకుమించి ఒక్క ముక్క కూడా ఆయన నోట రాలేదు. చెడ్డగా చెబితే సంతోషించేది, మంచిగా చెబితే పోట్లాడేది. ఏమీ చెప్పకపోతే ఏం చేస్తుంది? బతికున్న సవతి అయితే జుట్టూ జుట్టూ పట్టుకోవచ్చు. పోయినదానితో పోట్లాటకి దిగేదెలా?

పైగా ఆ సుమతి తన మెడలోనే ఉంది. పెళ్ళినాడు మంగళసూత్రంతో పాటు అత్తగారు ఇంకోటి కూడా కట్టించింది. చిటికెనవేలి గోరంత బంగారు బిళ్ళ, దాని మీద చిన్న ఆడమనిషి బొమ్మ. పెద్దభార్య పోయిన ఇంటికి వచ్చిన రెండో భార్య అది వేసుకోవాలి. కొత్తచీర కట్టే ముందు ఆ బిళ్ళకి బొట్టు పెట్టి, "అక్కా, ముందు నువ్వు కట్టుకో" అనాలి.

"పుణ్యస్త్రీగా పోయింది. ఆమె చోటు ఆమెకి ఇవ్వమ్మా," అంది అత్తగారు తెనాలి స్టేషన్లో, రైలు కిటికీ ఊచ పట్టుకుని. "ఇవ్వకపోతే తనే వెతుక్కుంటుంది."

జయంతి బిళ్ళ వేసుకుంది గానీ, అక్కా అని ఒక్కనాడూ అనలేదు. ఎందుకనాలి? పోపులడబ్బా ఆమెది. గరిటెలు ఆమెవి. వంటింటి కిటికీలో కరివేపాకు మొక్క ఆమె తెచ్చిపెట్టుకున్నదే. కిందటి చలికాలం జయంతి ఆ కుండీని మర్చిపోయినట్టు ఒక రాత్రంతా బయట మంచులో వదిలేసింది. పొద్దున్న చూస్తే ఆకు కూడా వాడలేదు. సరే, అన్నీ ఆమెవే కానీ. ఆ ఇంటికి బిడ్డని ఇస్తున్నది మాత్రం తను. అది ఒక్కటీ సుమతి ఇవ్వలేకపోయింది. కడుపు మీద చెయ్యి వేసుకున్నప్పుడల్లా జయంతి ఆ మాటే అనుకుంటుంది, కాస్త పాపమని తెలిసి కూడా.

మధ్యాహ్నానికి మాకినా బ్రిడ్జి వచ్చింది. నీళ్ళ మీద మైళ్ళ పొడుగునా వేలాడే ఇనుప వంతెన. లోపలి వరసలో రోడ్డు ఉండదు, ఇనుప జాలీయే. కిందకి చూస్తే సందుల్లోంచి నల్లటి నీళ్ళు కనిపిస్తాయి. టైర్లు జాలీ మీదకి ఎక్కగానే కారంతా హుమ్మని మోగింది. కృష్ణమోహన్ నుదుటి మీద చెమట పట్టింది. పెదాలు కదిలాయి.

"ఏమన్నారు?"

"ఏం లేదు."

అవతల అంతా వేరే లోకం. కొండవాలు మొత్తం కుంకుమ ఆరబోసినట్టు మేపుల్ చెట్లు, వాటి మధ్య పసుపు ఆకుల బర్చ్ చెట్లు. మలుపు తిరిగితే ఒడ్డు కనపడని సరస్సు. దాని మీద సీసం రంగు మబ్బులు. జయంతి కిటికీ దించి చలిగాలి పీల్చింది. లోపల బిడ్డ చక్కగా ఒక తన్ను తన్నింది. ఆమెకి నవ్వొచ్చింది. ఈ ప్రయాణంలో ఆమె నవ్వింది అదే ఆఖరు.

సరస్సు ఒడ్డున కొయ్య కాబిన్లు అద్దెకిచ్చే ముసలామె పేరు హెల్మీ. చీరకట్టులో ఉన్న జయంతిని చూడగానే చేతులు చాచి వచ్చేసింది.

"మళ్ళీ వచ్చారా! నువ్వేం మారలేదు హనీ. అప్పుడూ ఇంతే పొట్ట. మరి మొదటి పాపాయి ఏది? ఈపాటికి స్కూల్‌కి వెళ్తుండాలే?"

కృష్ణమోహన్ చేతిలో సూట్‌కేసు అలాగే ఉండిపోయింది. హెల్మీ తన ధోరణిలో లోపలికెళ్ళి వేడివేడి పాస్టీలు రెండు తెచ్చింది. ఆ ఊళ్ళో అందరూ మాంసం పెట్టి చేసుకునే పెద్ద కజ్జికాయల్లాంటివి. "నీకు మాంసం లేకుండా, మిరియాలు ఎక్కువేసి. గుర్తుందిగా నాకు!"

జయంతి దాన్ని ముట్టుకోలేదు.

కాబిన్లో తలుపు వేశాక అడిగింది. "కడుపుతో ఉందా ఆవిడ?"

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. చెప్పాడు. "ఆరో నెల. ఇక్కణ్ణుంచి తిరిగెళ్తుంటే దారిలో మొదలైంది. బ్రిడ్జి మీదకొచ్చేసరికి సీటంతా రక్తం. అవతలి ఒడ్డు కనిపిస్తూనే ఉంది జయంతీ... దాటలేకపోయాం. ఇద్దరూ..."

ఏడ్చాడు. రెండేళ్ళలో తన ముందు ఒక్కసారి కూడా ఏడవని మనిషి. పక్కన కూర్చుని వీపు నిమరాలని జయంతికి తెలుసు. చెయ్యి రాలేదు. ఒళ్ళంతా ఈర్ష్యతో మండిపోతోంది. ఆ ఒక్కటి కూడా తనది కాదన్నమాట. అక్కడ కూడా సుమతే ముందు.

"మరి నన్నెందుకు తీసుకొచ్చారు? ఆకులు చూపించడానికా?"

"తనకి చెప్పకుండా ఎలా... ఒకసారి చూపిద్దామనుకున్నాను."

"ఎవరికి? ఎవర్ని?"

ఆయన కళ్ళు ఆమె ముఖం మీద కాదు, పొట్ట మీద ఉన్నాయి.

మర్నాడు ఆయన సామాను కారులో సర్దుతుంటే జయంతి ఒక్కతే కొండ అంచుకి నడిచింది. అక్కడ చెక్క కమ్మీ కట్టి ఉంది. కింద నిలువుగా రంగురంగుల చారల రాతిగోడ, దాని పాదాల దగ్గర ఆకుపచ్చటి నీళ్ళు. గొలుసు తీసి, పంటితో కొక్కెం లాగి, బిళ్ళని విడదీసింది. అది ఒంటి వేడికి ఇంకా వెచ్చగా ఉంది.

"ఆయన నావాడు," అంది పైకే. "బిడ్డ నాది. నీకిక చోటు లేదు. ఎక్కడా లేదు."

విసిరేసింది. బంగారం ఒకసారి మెరిసింది. అంతే. చప్పుడు లేదు. అంత చిన్నదానికి చప్పుడేం ఉంటుందిలే అనుకుంది. కానీ అలల చప్పుడు కూడా ఆగిపోయింది. ఆకులు కదలడం లేదు. ఆ నిశ్శబ్దంలో ఎక్కణ్ణుంచో సాంబ్రాణి వాసన వచ్చింది. బాలింతకి తలంటు పోసి జుట్టుకి పట్టే పొగ వాసన.

హెల్మీ పొయ్యిలో ఏదో కట్టె కాలుస్తోంది కాబోలు అని సర్దిచెప్పుకుని వచ్చి కారెక్కింది.

దారిలో ఒకచోట ఆపి పులిహోర తిన్నారు. చింతపండు పులుపు తగిలితే చాలు, కడుపులో బిడ్డ గంతులేస్తుంది. రోజూ ఉన్న సంగతే. జయంతి చెయ్యి వేసుకుని చూసింది. కదల్లేదు. నిద్రపోతోందేమో. కాఫీ తాగింది. పక్కకి ఒరిగి కూర్చుంది. వేలితో మెల్లగా పొడిచింది.

లేదు.

పొద్దు వాలేసరికి పొగమంచు కమ్మింది. ఎర్రటి చెట్లు ఒక్కొక్కటే మాసిపోయాయి. హెడ్‌లైట్ల వెలుతురు రెండు గజాల్లో ఆగిపోతోంది. కిటికీలన్నీ వేసే ఉన్నాయి. అయినా కారులో సాంబ్రాణి వాసన... దాని వెనకే తడిజుట్టు వాసన.

గతుకు వచ్చినప్పుడల్లా కృష్ణమోహన్ మరీ నెమ్మదిగా పోనిస్తున్నాడు. తన కోసమే అనుకుంది. కానీ ఆయన చూస్తున్నది తనవైపు కాదు. పైన అద్దంలోకి.

చెయ్యి చాచి హీటర్ మీట వెనకవైపుకి తిప్పాడు.

"అదేంటి?" అంది జయంతి.

"వెనక చలిగా ఉంటుంది."

"వెనక ఎవరున్నారు?"

ఆయన నిద్రలోంచి లేచినట్టు చూశాడు. "ఆఁ? ఎవరున్నారు... సామానేగా."

వెనక గాజులు గలగలమన్నాయి.

జయంతి తల తిప్పలేదు. తిప్పితే చూడాల్సి వస్తుంది. తన చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. తన గాజులు కదల్లేదు. సీటు వెనక ఏదో చుక్క చుక్కగా కారుతోంది... టప్... టప్... మెడ వెనక, సరిగ్గా కొక్కెం ఉండే చోట, చల్లగా ఊపిరి తగిలింది.

అప్పుడే పొత్తికడుపులో నొప్పి మొదలైంది.

"ఏవండీ... తొందరగా పోనివ్వండి."

"ఏమైంది?"

"పోనివ్వండి!"

టైర్లు హుమ్మన్నాయి. బ్రిడ్జి. ఇనుప జాలీ. కింద నీళ్ళు కూడా కనిపించడం లేదు, తెల్లటి పొగ. ఆ పొగ జాలీ సందుల్లోంచి పైకి లేస్తోంది. అది మంచు కాదు. సాంబ్రాణి. నొప్పి నడుంలోకి పాకింది. తొడల మధ్య వెచ్చగా తగిలింది. కృష్ణమోహన్ "అదిగో ఒడ్డు... కనిపిస్తోంది... అదిగో..." అంటున్నాడు. ఎవరితో అంటున్నాడో తెలియదు.

జయంతి చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. బిళ్ళ లేదు. పట్టుకోవడానికి ఏమీ లేదు. గర్వం ఏమైందో, కోపం ఏమైందో. ఎన్నడూ అనని మాట అంది.

"అక్కా..."

వెనక గాజులు ఆగాయి.

"అక్కా, తప్పయింది. నా బిడ్డని వదిలెయ్. నీ చోటు నీకిస్తాను. ఇస్తానక్కా... రా."

సాంబ్రాణి పొగ ఒక్కసారి ముక్కులోకి, గొంతులోకి దిగింది. ఊపిరాడలేదు. అంతలోనే ఖాళీ అయిపోయింది. మామూలు కారు వాసన. నొప్పి తగ్గింది. టైర్ల కింద మామూలు రోడ్డు తగిలింది, అవతలి ఒడ్డు దీపాలు కనిపించాయి. లోపల బిడ్డ కదిలింది. నిద్రలేచి ఒళ్ళు విరుచుకున్నట్టు, నిదానంగా, ఇటు నుంచి అటు తిరిగింది.

జయంతి భోరుమని ఏడ్చింది. వెనక సీట్లో దిళ్ళూ, సూట్‌కేసూ తప్ప ఏమీ లేవు. సీటు పొడిగా ఉంది.

ఆ రాత్రే ఆసుపత్రిలో చూపించారు. ఒక చుక్క రక్తం కనిపించింది, అంతే, బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోందన్నాడు డాక్టర్. ఇంటికొచ్చాక తెనాలికి రాసి కొత్త బిళ్ళ చేయించి తెప్పించుకుందామనుకుంది జయంతి. మెడలో కట్టుకుని, బొట్టు పెట్టి, రోజూ అక్కా అనడానికి కూడా సిద్ధపడింది. ఎవరో ఇండియా నుంచి వస్తూ తెచ్చిచ్చారు కూడా. కట్టుకుంది. అది మెడలో చల్లగా, ఉత్త రేకులా ఉండిపోయింది. ఒంటి వేడి దానికి ఎక్కలేదు.

అప్పటికి ఎనిమిదో నెల నడుస్తోంది. బిడ్డ ఇప్పుడు పులుపుకి కదలదు. జయంతి పాట పాడితే కదలదు. పేర్లన్నీ ఒక్కొక్కటే పిలిచి చూసింది. ఉలుకూ పలుకూ లేదు. కరివేపాకు మొక్క దగ్గర నిలబడితే మాత్రం లోపల కాళ్ళు ఆడతాయి. సాయంత్రం కృష్ణమోహన్ కారు వీధి మలుపు తిరగకముందే, జయంతికి చప్పుడు వినపడకముందే, బిడ్డ లేస్తుంది. గుమ్మం ఎటుందో అటు ఒత్తుకుని కూర్చుంటుంది. నా కడుపులో పెరుగుతున్నదాని మీద నాకే కుళ్ళుగా ఉందేమిటి అనుకుని ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

ఒక రోజు అన్నాలయ్యాక ఆయన సోఫా పక్కన నేల మీద కూర్చుని, ఆమె పొట్టకి చెవి ఆనించాడు. బయట మంచు పడుతోంది. ఇల్లంతా నిశ్శబ్దం. జయంతికి గుసగుస వినిపించింది. చాలా మెల్లగా, ఆగి ఆగి, ఏదో చెప్పుకుంటున్నట్టు. ఆమె వైపు నుంచి చూస్తే ఆయన జుట్టు తప్ప ముఖం కనిపించడం లేదు.

"ఏమన్నారు?" అంది.

ఆయన చెవి ఇంకాస్త దగ్గరగా ఆనించాడు.

"ఏమండీ, బిడ్డతో ఏం చెబుతున్నారు?"

ఆయన ముఖం ఇటు తిప్పాడు. బుగ్గలు తడిసి ఉన్నాయి. ఈ రెండేళ్ళలో జయంతి ఎన్నడూ చూడని నవ్వు ఆ ముఖం మీద ఉంది.

"నేనేం అనలేదే," అన్నాడు. "ఉష్... నన్ను విననీ."