రోలండ్ గుమ్మం ముందు గుడ్ల సీసా

ఆ మనిషి వెర్నా కోసం కుర్చీ వెనక్కి జరిపిన తీరు చూడగానే నాకు ఒళ్ళు మండింది.

నాలుగేళ్ళుగా ఆవిడతో తిరుగుతున్నాను. శుక్రవారం రాత్రి భోజనం, ఆదివారం చర్చి, ఆ తర్వాత నా పాత ట్రక్కులో షికారు. ఒక్కసారైనా కుర్చీ జరపాలని నాకు తట్టలేదు. డెబ్బై ఆరేళ్ళ వయసులో, మోకాలు కిర్రుమంటుంటే ఎవడికి తడుతుంది? ఈయనకు తట్టింది. పైగా మెడకు ఎర్రటి బో టై ఒకటి.

"నేను రోలండ్ ఎషల్‌మన్ని. ఇవాళ మీ ఇద్దరికీ మర్యాదలు చేసే పని నాది," అన్నాడు. చెప్పింది ఇద్దరికీ, చూసింది మాత్రం వెర్నా వైపు.

క్విన్స్ హిల్ అనే ఈ వృద్ధుల నివాసంలో చేరాలనుకునే పెద్దవాళ్ళను బుధవారం భోజనానికి పిలుస్తారు. అక్కడ ఉండేవాళ్ళలోనే ఒకరు పక్కన కూర్చుని కబుర్లు చెబుతారు. చేరేటప్పుడు పెద్ద మొత్తం కట్టాలి, ఆపైన నెలనెలా ఇంకొంత. ఓపిక ఉన్నంతకాలం సొంత అపార్ట్‌మెంటు. కాళ్ళు మొరాయిస్తే పక్క భవనం, మతి తప్పితే ఆ పక్కది. బతికినన్నాళ్ళూ వాళ్ళదే పూచీ. కాకపోతే చేరే రోజున మన కాళ్ళ మీద మనం నడిచి రావాలి, బుర్ర పనిచేస్తోందని పరీక్ష పాసవ్వాలి. మంచాన పడ్డాక వస్తామంటే చేర్చుకోరు.

"ఇల్లమ్మి తెచ్చి వీళ్ళ చేతుల్లో పోయాలా?" అన్నాను సూపు ఊదుకుంటూ. "రేపే నేను పోతే? సగం కూడా వెనక్కి రాదు."

"పోతే నీకు డబ్బుతో పనేముంది మెర్ల్?" అంది వెర్నా. "పోకుండా మంచాన పడితేనే కదా భయం."

"వీళ్ళే దివాలా తీస్తే?"

"మంచి ప్రశ్న," అన్నాడు రోలండ్. "నేనూ అడిగాను. వాళ్ళ లెక్కలు తెప్పించుకుని మీ లాయరుకు చూపించండి. నెలకు కట్టేది ఏటా పెరుగుతుంది, అది కూడా చూసుకోండి. ఇక గురువారం వండే చేప అయితే నోట పెట్టలేం."

నిజం కూడా మాట్లాడతాడు! అది ఇంకా మండించింది.

లేచేటప్పుడు, "మంగళవారం కలుద్దాం వెర్నా," అన్నాడు.

వెర్నా అట, పేరు పెట్టి! మంగళవారాలు అక్కడ ముసలివాళ్ళకు పియానో వాయిస్తానని ఆవిడ నాకు చెప్పింది. ఆ ముసలివాళ్ళలో బో టై ఉన్నవాడు ఒకడున్నాడని మాత్రం చెప్పలేదు.

అపార్ట్‌మెంట్లు చూపిస్తామని వరండాలో నడిపించారు. ప్రతి గుమ్మం పక్కనా గోడకు చిన్న చెక్క అర ఉంది. ఎవరికి నచ్చింది వాళ్ళు పెట్టుకుంటారు. ఒకళ్ళు పింగాణీ పిల్లి, ఇంకొకళ్ళు మనవడి ఫొటో. ఎషల్‌మన్ అని రాసున్న గుమ్మం పక్కన ఒక సీసా ఉంది. లోపల బీట్‌రూట్ రసంలో ఊరిన గుడ్లు. మూత మీద నీలిగళ్ళ గుడ్డ, దానికి ఉన్ని దారంతో ముడి.

ఆ ముడి నాకు తెలుసు. నా ఫ్రిజ్‌లో వెర్నా ఇచ్చిన అలాంటి సీసా ఎప్పుడూ ఉంటుంది. ఈ లోకంలో నాకొక్కడికే ఉంటుందనుకున్నాను.

ట్రక్కు ఎక్కాక ఆగలేకపోయాను. "అయితే గుడ్లు అందరికీ పంచుతున్నావన్నమాట."

"అందరికీ కాదు. ఇద్దరికే."

"ఒకడు ఎక్కువే!"

వెర్నా పకపకా నవ్వింది. "మెర్ల్ బ్రూబేకర్, నువ్వు కుళ్ళుకుంటున్నావా?"

"నేనా? మెడకు రిబ్బను కట్టుకున్న ఆ కోతిని చూసా?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "నాకు అపార్ట్‌మెంటు వచ్చింది. వచ్చే శుక్రవారం పరీక్ష. నేను చేరుతున్నాను. కావాలంటే నీకూ అదే రోజు పెడతారట. నాలుగేళ్ళుగా నువ్వు నన్నొక మాట అడుగుతావని చూస్తున్నాను. ఇంక నేను చూడను."

"ఏం మాట?"

"ఏం లేదు. రోడ్డు చూసి నడుపు."

ఆవిడ లేని శుక్రవారాలు ఎలా ఉంటాయో ఆ రాత్రి తలుచుకున్నాను. ఆ బో టై గుర్తొచ్చింది. మళ్ళీ కడుపు మండింది.

మంగళవారం కుండపోత వాన. దొంగలా వెళ్ళాను, ఒప్పుకుంటాను. వెర్నా కారు మతి తప్పినవాళ్ళ భవనం ముందు ఆగి ఉంది. గొడుగు మర్చిపోయి, తడిసి ముద్దయి, హాలు తలుపు దగ్గర నక్కి నిలబడ్డాను.

వెర్నా పియానో వాయిస్తోంది. రోలండ్ ఆవిడ పక్కన లేడు. మూలన చక్రాల కుర్చీలో ఒక సన్నటి ముసలావిడ ఉంది. ఎర్రగా ఊరిన గుడ్డును చిన్న చిన్న ముక్కలు కోసి ఆవిడకు తినిపిస్తున్నాడు.

"ఎడ్నా, మీ అమ్మ చేసినట్టే ఉంది కదూ?"

ఆవిడ నమిలింది. చెయ్యి చాచి అతని బో టై సర్దింది. "ఇంత ముస్తాబయ్యావ్, ఎవరి పెళ్ళికి?"

"మన పెళ్ళికే, ఎడ్నా."

"అబ్బో!" అని ఆవిడ సిగ్గుపడింది.

నా బూట్లలో నీళ్ళ చప్పుడు విని రోలండ్ తల తిప్పాడు. "రండి మెర్ల్, తడిసిపోయారే! మా ఆవిడ ఎడ్నా. ఆవిడకు ఇంకేం రుచించదు, వెర్నా తెచ్చే గుడ్లు తప్ప. ఇటు వచ్చేటప్పుడు మర్చిపోకుండా సీసా గుమ్మం దగ్గరే పెట్టుకుంటాను."

నీళ్ళోడుతూనే వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడ్డాను.

"చేరినప్పుడు ఇద్దరం గుర్రాల్లా ఉన్నాం. డబ్బు తగలేస్తున్నావని మా తమ్ముడు తిట్టాడు. ఇప్పుడు చూడండి, వానైనా మంచైనా పైకప్పున్న నడవా దాటితే చాలు, ఇంటి చెప్పులతోనే ఆవిడ దగ్గరికొచ్చేస్తాను."

ఆ చెప్పుల వైపు చూశాను. ఉన్నివి, అరిగిపోయినవి. నా భార్య లోయిస్ పోయిన రోజు నేను ఆస్పత్రికి గంట దూరంలో ఉన్నాను. మంచుకు దారి మూసేశారు. నేను చేరేసరికి అయిపోయింది.

కుళ్ళు పోయిందనుకుంటున్నారా? ఇంకా పెరిగింది. ఇప్పుడు ఆ చెప్పుల మీద.

పియానో ఆగింది. వెర్నా నన్ను చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "గూఢచారి పని అయిందా?"

"అయింది," అన్నాను. "ఈ శుక్రవారం నేను కూడా పరీక్షకు వస్తున్నాను."

"నా కోసమా, గుడ్ల మీద కాపలాకా?"

"రెండిటికీ."

శుక్రవారం నర్సు టెస్ ముందు వెర్నాను పరీక్షించింది. తర్వాత నన్ను పిలిచింది. ఏ ఊరు, ఏ రాష్ట్రం, ఇవాళ తారీఖెంత? మూడు మాటలు చెప్పి కాసేపయ్యాక మళ్ళీ అడిగింది. చివరికి తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చింది.

"మీ మనసులో ఉన్నది ఏదైనా సరే, ఒక్క వాక్యం రాయండి మెర్ల్ గారూ."

ఎన్ని లక్షల ట్రాక్టరునైనా తడుముకోకుండా విప్పి బిగించిన చెయ్యి ఇది. ఈ ఒక్క వాక్యానికి పావుగంట తీసుకుంది. రాశాను.

టెస్ చదివింది. కళ్ళజోడు తీసి, తలుపు తెరిచి, "వెర్నా గారూ, ఒకసారి రండి. ఇది నేను దిద్దేది కాదు," అంది.

వెర్నా కాగితం అందుకుంది. 'వెర్నా, నన్ను పెళ్ళి చేసుకుంటావా.' ఆవిడ చెవులు ఎర్రబడటం మొదటిసారి చూశాను. అయినా గొంతు తొణకలేదు.

"టెస్, ముందు ఈయనకు మార్కులెన్నొచ్చాయో చెప్పమ్మా. బుర్ర పనిచేస్తుండగా అడిగాడో లేదో తెలియాలిగా."

"ఒక్కటే తప్పు. ఇవాళ తారీఖు చెప్పలేకపోయారు."

"అంతేనా? ఇకనుంచి ఈ తారీఖు మర్చిపోకుండా నేను చూసుకుంటాలే," అంది వెర్నా. కళ్ళు తుడుచుకుంది.

నాకు ఒళ్ళు తెలియలేదు. ఒక్క ఉదుటున లేచి, మోకాలు కిర్రుమన్నా లెక్కచేయకుండా, ఆవిడ కోసం కుర్చీ వెనక్కి జరిపాను.

"మెల్లగా మెర్ల్!" అని నా మోచెయ్యి పట్టుకుంది వెర్నా. "నడక పరీక్ష ఇంకా ఉంది."